ఉజుమాకి సగంలో ఆపేయాలా? విడివిడి కథల హారర్ మాంగాలో బలం ఎక్కడ, లోపం ఎక్కడ

మీ ప్రశ్న ఇది: "ఉజుమాకి చాలా గొప్పదని విని మొదలుపెట్టాను. నల్ల లైట్‌హౌస్ అధ్యాయం దాకా వచ్చాను. బొమ్మలు భయంకరంగా ఉన్నాయి, కానీ ప్రతి అధ్యాయం వేరే కథలా ఉంది. ఒక కథలో మనుషులు ఘోరంగా చచ్చిపోతారు, తర్వాతి కథలో అది ఎవరికీ గుర్తుండదు. ముందుకు వెళ్తే బాగుంటుందా, లేక ఇక్కడితో ఆపేయాలా?"

ఆపకండి. అయితే మీరు పట్టుకున్న లోపం నిజమైనదే. "మీకు అర్థం కాలేదు, అదే దాని స్టైల్" అని కొట్టిపారేసే అభిమానుల మాట నేను ఒప్పుకోను. పుస్తకాలకు బొమ్మలు వేయడం నా పని కాబట్టి ఈ మాంగాను (జపాన్ కామిక్‌ను) కథగానూ, బొమ్మల పనితనంగానూ చాలాసార్లు చదివాను. నాకు అర్థమైనది ఏమిటంటే, ఇందులో అంత భయం పుట్టడానికీ మీకు చిరాకు కలగడానికీ కారణం ఒక్కటే: కథను విడివిడి ముక్కలుగా చెప్పే పద్ధతి. ఆ పద్ధతి తీసేస్తే లోపంతో పాటు బలం కూడా పోతుంది.

ముందు కాస్త నేపథ్యం. దీన్ని రాసి, బొమ్మలు గీసిన జుంజి ఇటో 1963లో జపాన్‌లోని గిఫు ప్రాంతంలో పుట్టాడు. మొదట్లో కృత్రిమ దంతాలు తయారుచేసే డెంటల్ టెక్నీషియన్‌గా పనిచేశాడు. 1987లో "మంత్లీ హాలోవీన్" అనే హారర్ పత్రికలో "తోమియే" కథతో అచ్చులోకి వచ్చాడు. ఎన్నిసార్లు చంపినా మళ్ళీ పుట్టుకొచ్చే అమ్మాయి కథ అది. దాన్ని కూడా విడివిడి కథలుగానే 2000 దాకా రాస్తూ పోయాడు. అంటే ఉజుమాకి మొదలుపెట్టే నాటికే ఆయనకు ఈ పద్ధతిలో పదేళ్ళ అనుభవం ఉంది. ఉజుమాకి 1998, 1999 సంవత్సరాల్లో "బిగ్ కామిక్ స్పిరిట్స్" పత్రికలో వచ్చింది. మొత్తం 19 అధ్యాయాలు, మూడు సంపుటాలు. కురోజు అనే ఊహా పట్టణం, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ ఊరికి దెయ్యం పట్టలేదు, హంతకుడూ రాలేదు. ఒక ఆకారం పట్టుకుంది. సుడి ఆకారం.

ఇంత పలచని ఆలోచన మీద 600కు పైగా పేజీలు ఎలా నిలబడ్డాయి? పైగా జపాన్ కామిక్స్‌లో బుగ్గల మీద సుడి గీస్తే అది నవ్వించడానికి గీసినట్టే. అలాంటి గుర్తుతో భయపెట్టడం అంత తేలిక కాదు. ఇక్కడే విడివిడి కథలు అక్కరకొచ్చాయి. ప్రతి అధ్యాయంలో ఆ ఆకారానికి ఇటో ఒక కొత్త పదార్థం ఇస్తాడు. ఒకసారి ఒళ్ళు, ఒకసారి జుట్టు, ఒకసారి బంకమట్టి, ఒకసారి నత్త, ఒకసారి గాలి. పాఠకుడు ఒకదానికి అలవాటు పడే లోపు అది మారిపోతుంది. ఒకే పొడవైన కథగా రాసుంటే పాత్రలు మూడో అధ్యాయానికే విషయం తెలుసుకుని, పరిశోధన మొదలుపెట్టి, పాత గ్రంథాలు తిరగేసేవి. అప్పుడది డిటెక్టివ్ కథ అయ్యేది. ఇక్కడ ఎవరూ దేన్నీ శోధించరు. ఆకారం మాత్రం దారులు వెతుక్కుంటూ పోతుంది.

మొదటి రెండు అధ్యాయాలే చూడండి. నా దృష్టిలో ఈ పుస్తకం మొత్తంలో వాటికి సాటి లేదు. కథ చెప్పే అమ్మాయి కిరియే. ఆమె ప్రియుడు షూయిచి తండ్రికి సుడి అంటే పిచ్చి ప్రేమ. సందులో కూర్చుని గోడ మీది నత్తను గంటల తరబడి చూస్తుంటాడు. సుడి ఆకారంలో ఉన్న వస్తువులన్నీ ఇంట్లో పోగేస్తాడు. విసిగిపోయిన భార్య వాటిని పారేస్తే, వస్తువులతో పనేముంది, నా ఒంటితోనే సుడి చేసుకుంటానంటాడు. చివరికి గుండ్రని చెక్క తొట్టిలో ఆయన ఎలా కనిపిస్తాడో మీరు చూశారు. ఇది ప్రేమ. రెండో అధ్యాయంలో ఇదే విషయం తిరగబడుతుంది. ఆ చావు చూసిన భార్యకు సుడి అంటే ప్రాణభయం పట్టుకుంటుంది. వెంట్రుకలు తీసేసుకుంటుంది, వేలిముద్రలు కోసేసుకుంటుంది. కానీ లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటి ఉంటుంది కదా. ఆ సంగతి తల్లికి తెలియకూడదని ఆసుపత్రిలో కొడుకు పడే టెన్షన్ ఉంది చూడండి, అందులో దెయ్యాలూ మాయలూ ఏమీ లేవు. అందరికీ తెలిసిన శరీర శాస్త్రమే. మనం తప్పించుకోలేనిది మన ఒంట్లోనే ఉందని చెప్పడానికి ఇంతకంటే సూటి దారి ఉంటుందనుకోను. ప్రేమించినవాడూ పోయాడు, ద్వేషించిన మనిషీ పోయింది. ఆ రెండు కథలతో తలుపులు రెండూ మూసేశాడు. ఇక మిగతా ఊరికి దారేది?

బొమ్మల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతికీ ఆ గీతలకూ సంబంధం ఉంది. ఇటో మామూలు జీవితాన్ని చాలా ఓపికగా గీస్తాడు. ఇళ్ళ కప్పులు, స్కూలు వరండా, కరెంటు తీగలు, గడ్డి, అన్నీ సన్నటి కలం గీతలతో, తొందర లేకుండా. మనుషుల ముఖాలు శుభ్రంగా, దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఆ ప్రశాంతతలో నాలుగైదు పేజీలు నడిపించి, భయంకరమైన బొమ్మను పేజీ తిప్పితేనే కనిపించేలా పెడతాడు. తిప్పే ముందు పేజీలో చివరి గడిలో చాలాసార్లు ఎవరిదో ముఖమే, దేన్నో చూస్తూ ఉంటుంది. ఏం చూస్తోందో తెలియాలంటే మన చేత్తో మనమే పేజీ తిప్పాలి. సినిమాలో కెమెరా చూపిస్తుంది. ఇక్కడ చూసే పని మనమే చేస్తాం. ఒక్కో అధ్యాయానికి ఇలాంటి పేజీ ఒకటో రెండో ఉంటే చాలు. చిన్న కథ కాబట్టి ఆ ఒక్క బొమ్మ కోసం మిగతా పేజీలన్నీ పనిచేస్తాయి. దీర్ఘ కథలో అయితే అలాంటి బొమ్మ తర్వాత పర్యవసానాలు చెప్పాలి, పోలీసులు రావాలి, ఏడుపులు రావాలి. భయం చల్లారిపోతుంది.

ఇప్పుడు మీ ఫిర్యాదుకు వస్తాను.

"స్ప్రింగు బొమ్మ" అధ్యాయంలో సమాధిలోంచి శవం ఎగిరెగిరి వస్తుంది. తర్వాతి అధ్యాయంలో కిరియే యథావిధిగా క్లాసులో కూర్చుని ఉంటుంది. క్లాసులో ఒక కుర్రాడు నత్తగా మారిపోతే స్కూలు వాళ్ళు బోనులో పెట్టి ఆకులు వేస్తారు, ఆ తర్వాత పాఠాలు నడుస్తాయి. అంతకు ముందే ఒక అమ్మాయి నుదుటి మీది మచ్చ సుడిగా మారి ఆ అమ్మాయినే మింగేసింది. ఊళ్ళో ఒక్కరైనా "ఇది మూడోది, నాలుగోది" అని లెక్కపెట్టరే? చిన్నప్పుడు చందమామలో బేతాళ కథలు చదివిన మనకు ఇలా మళ్ళీ మొదటికి రావడం కొత్తేమీ కాదు. బేతాళుడు ప్రతి నెలా శవంతో సహా చెట్టెక్కేవాడు, మనకేమీ తప్పుగా తోచేది కాదు. ఎందుకంటే అక్కడ ఆ నియమం కథలోనే ఉంది, రాజుకు మౌనభంగం అయితే బేతాళుడు ఎగిరిపోతాడని ముందే చెప్పారు. ఉజుమాకిలో అలాంటి నియమం ఎవరూ చెప్పలేదు. ఇది మన ఊరులాంటి మామూలు ఊరనీ, మనుషులు మనలాంటివాళ్ళేననీ నమ్మించాకే కథ మొదలవుతుంది. మనలాంటి మనుషులు ఇంత జరిగాక ఊరు వదిలి పారిపోతారు కదా అనే అనుమానం రావడం పాఠకుడి తప్పు కాదు.

దీనికి కొంత కారణం అచ్చైన తీరులో ఉంది. బిగ్ కామిక్ స్పిరిట్స్ వారపత్రిక. 19 అధ్యాయాలు రెండు సంవత్సరాల సంచికల్లో పరుచుకున్నాయంటే, ఇది ప్రతి వారం రాలేదన్నమాట. అప్పటి పాఠకుడికి ఒక అధ్యాయానికీ మరో అధ్యాయానికీ మధ్య వారాల ఎడం ఉండేది. నత్త కుర్రాడి బొమ్మ కాస్త మరుగున పడ్డాక లైట్‌హౌస్ వెలిగేది. మనం ఇప్పుడు అన్నీ కలిపి కుట్టిన ఒకే లావుపాటి పుస్తకంలో ఒకే రాత్రి చదువుతున్నాం. అందుకే అతుకులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అయినా దీన్ని పూర్తి సమర్థనగా చెప్పను. పుస్తకంగా వచ్చింది కాబట్టి పుస్తకంగా కూడా నిలబడాలి.

అసలు నష్టం కిరియేకు జరిగింది. ఆమె కథానాయిక, కథ చెప్పేదీ ఆమే. కానీ సగం పుస్తకం దాకా ఆమె చేసేది చూడడమే. తల్లిదండ్రులు, తమ్ముడు మిత్సువో ఉన్నారు, వాళ్ళతో ఆమె బంధం గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. ప్రతి అధ్యాయం ఆమెను మళ్ళీ అదే మామూలు స్థితికి తెచ్చి నిలబెట్టాలి కాబట్టి, ఆమెకు గాయం ఒంటికి తగులుతుంది గానీ మనసుకు తగలదు. జుట్టు కత్తిరించిన అధ్యాయం తర్వాత పొట్టి జుట్టుతోనే కనిపిస్తుంది, ఆ జాగ్రత్త ఉంది. మనసు విషయంలో ఆ జాగ్రత్త కనిపించదు. ఒక స్నేహితురాలు కళ్ళెదుట మాయమైపోతే, ఆ పేరు మళ్ళీ ఆమె నోట రాకపోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

షూయిచి సంగతి వేరు, ఆ పాత్రను చాలామంది సరిగ్గా గమనించరు. అతను పక్కనున్న మిడోరియామా నగరంలో చదువుకుంటాడు. రోజూ ఊరు దాటి వెళ్ళి తిరిగొస్తాడు. కాబట్టే ఊళ్ళో ఏదో తేడాగా ఉందని అందరికంటే ముందు పసిగడతాడు. మొదటి అధ్యాయంలోనే "ఈ ఊరు వదిలి వెళ్ళిపోదాం" అంటాడు. గడప దాటని వాళ్ళకు తెలియని వాసన గడప దాటిన వాడికి తెలుస్తుందనే చక్కటి సూచన ఇది. అధ్యాయాలు గడిచేకొద్దీ అతనొక్కడే అన్నీ గుర్తుపెట్టుకుంటాడు, అందుకే అతనొక్కడే పాడైపోతాడు. చిక్కిపోతాడు, గదిలోంచి బయటికి రాడు. మరచిపోయే ఊళ్ళో మరచిపోలేని మనిషి అతను. ఇటో కిరియేకు కూడా ఇందులో కొంత పంచి ఉంటే ఈ పుస్తకం మరో మెట్టు పైన ఉండేది.

అధ్యాయాల మధ్య హెచ్చుతగ్గులు కూడా ఉన్నాయి, విడివిడి కథల పుస్తకాలకు ఇది తప్పదు. స్ప్రింగు బొమ్మ కథ నాకు బలహీనంగా తోచింది. అక్కడ సుడి పైపైన అతికించినట్టు ఉంటుంది, ఆ శవం దూకుళ్ళు భయం కంటే నవ్వు తెప్పిస్తాయి. జుట్టు కథలో బొమ్మలు అద్భుతం, కానీ ఇద్దరు అమ్మాయిలు అందరి చూపుల కోసం పోటీ పడే వ్యవహారం పాతబడిన మూస. మచ్చ అమ్మాయి కథలోనూ అదే. ఆడపిల్ల అందంగా ఉంటే ఆమెకు అహంకారం ఉండాలి, ఆ అహంకారమే ఆమెను తినేయాలి అనే సూత్రం ఇటోకు తోమియే రోజుల నుంచీ అలవాటు. అక్కడ పనిచేసింది, ఎందుకంటే తోమియే మనిషి కాదు. ఇక్కడ స్కూలు పిల్లల మీద అదే పెడితే అన్యాయంగా అనిపిస్తుంది.

ఇప్పుడు మీరు ఆగిన చోటు గురించి. లైట్‌హౌస్ తర్వాత వచ్చే రెండు అధ్యాయాలు, దోమలు, బొడ్డుతాడు, ఆసుపత్రిలో జరుగుతాయి. లైట్‌హౌస్‌లో కాలిన గాయాలతోనే కిరియే అక్కడ చేరుతుంది. అంటే మొదటిసారిగా ఒక కథలోని దెబ్బ ఇంకో కథలోకి నడిచి వచ్చింది. ఒక హెచ్చరిక: గర్భిణులు, పసిపిల్లలు, రక్తం, అన్నీ ఉంటాయి. ఇంట్లో ఎవరైనా ప్రసవానికి సిద్ధంగా ఉన్నా, మీకే అలాంటి బాధ ఏదైనా ఉన్నా ఆ రెండూ దాటేసి వెళ్ళండి. కథ అర్థం కాకపోదు. తట్టుకోగలిగితే మాత్రం, దోమల అధ్యాయం ఈ పుస్తకంలో మొదటి రెండింటి తర్వాత నాకు నచ్చినది. ఆడ దోమ గుడ్ల కోసమే రక్తం తాగుతుందన్న మామూలు నిజం దాని పునాది.

తర్వాత తుఫాను వస్తుంది, అక్కడి నుంచి పుస్తకం తీరే మారిపోతుంది. కిరియే వాళ్ళ ఇల్లు పోతుంది. అద్దెకు ఒక పాత వరస ఇంట్లోకి మారతారు. ఇక మళ్ళీ మామూలు స్థితికి రావడం ఉండదు. ఇల్లు పోతే పోయినట్టే, తమ్ముడికి ఏదైనా జరిగితే జరిగినట్టే. విడివిడి కథలన్నీ కలిసి ఒకే కథ అవుతాయి. అప్పటిదాకా మీకు పనికిరానివిగా తోచిన ముక్కలు ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. నత్త కుర్రాడిని చూసి కథ అయిపోయిందనుకున్నారు కదా, ఊళ్ళో తిండి దొరకని రోజు వచ్చినప్పుడు ఆ కథ ఎందుకు రాశాడో తెలుస్తుంది. అంతకంటే చెప్పను. పెనవేసుకున్న ప్రేమజంట కథలో వెనకాల కనిపించిన ఆ పాత వరస ఇళ్ళు గుర్తున్నాయా? చివరి అధ్యాయాలన్నీ వాటి మీదే నిలబడ్డాయి. అసలు ఇటోకు మొదట తట్టిన ఆలోచన కూడా చాలా పొడవైన వరస ఇళ్ళలో బతికే జనం గురించే. ఆ పొడవును దోమల చుట్టలా చుట్టేయాలన్న ఊహ తర్వాత వచ్చింది. పుస్తకం చివరికి చేరాక ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

ఇంకో దారం మొదటి పేజీల నుంచే ఉంది, దాన్ని వెనక్కి తిప్పి చూడమంటాను. ఊరి మధ్యలో తూనీగల చెరువు. షూయిచి తండ్రిని దహనం చేసినప్పుడు పొగ ఆకాశంలో సుడి తిరిగి ఎక్కడికి దిగింది? ఆ చెరువులోకి. కిరియే తండ్రి కుండలకు మట్టి ఎక్కడి నుంచి తెచ్చాడు? ఆ చెరువు దగ్గర నుంచే. ఆవంలో కాలిన ఆ కుండల మీద ముఖాలు కనిపించడానికి కారణం అదే. రేపు తుఫాను ఎటు పోతుందో కూడా గమనించండి. విడివిడిగా కనిపిస్తున్న కథలు నీళ్ళలా పల్లానికే పారుతున్నాయి, మనం ఒడ్డున నిలబడి ఒక్కో పాయనే చూస్తున్నాం. కాబట్టి "అతుకులే లేవు" అని ఫిర్యాదు చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. స్థలానికి జ్ఞాపకం ఉంది. మనుషులకే లేదు. ఇది ఇటో కావాలని చేశాడా అంటే, కొంతవరకు అవుననే నమ్ముతాను. ఎందుకంటే ఇక్కడ ప్రధాన పాత్ర ఊరే.

ముగింపు మీద చాలా గొడవ ఉంది. సుడి ఎందుకొచ్చింది, ఎవరు పంపారు, ఏం కావాలి, దేనికీ జవాబు రాదు. జవాబు కోసమే చదివేవాళ్ళకు ఇది మోసంలా తోస్తుంది. నాకు మాత్రం అది సరైన ముగింపు. తండ్రి ప్రేమనూ తల్లి భయాన్నీ ఒకేలా తినేసిన దానికి ఒక ఉద్దేశం అంటగడితే అది ఇంకో విలన్ అయిపోతుంది. అయితే చివరి మూడు నాలుగు అధ్యాయాల్లో వేగం మరీ ఎక్కువ. ఊరి జనం మారిపోయే తీరు, అక్కడ కాలం గడిచే తీరు నిలబడి చెప్పాల్సిన విషయాలు. మొదటి సగంలో స్ప్రింగు బొమ్మకు ఇచ్చిన పేజీలు ఇక్కడ ఇచ్చి ఉండాల్సింది.

విడివిడి కథలు తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే 2024లో వచ్చిన యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) ఉంది. నాలుగే ఎపిసోడ్లు, నలుపు తెలుపులో. ఇటో గీతను కదిలించడంలో మొదటి ఎపిసోడ్ చేసిన పని చూసి తీరాలి. తర్వాతి ఎపిసోడ్లలో ఆ పనితనం పడిపోయిందని అందరూ అన్నారు, నిజమే. కానీ నాకు అంతకంటే పెద్ద ఇబ్బంది అల్లికలో కనిపించింది. ఎపిసోడ్లు నాలుగే కాబట్టి రెండు మూడు అధ్యాయాలను పక్కపక్కన పెట్టి ఒకేసారి నడిపించారు. మీరు అడిగిన లోపం దాంతో చాలావరకు పోయింది, అన్ని ఘోరాలూ ఒకే రోజుల్లో జరుగుతున్నాయి కాబట్టి "నిన్నటిది ఎలా మరిచిపోయారు" అనే ప్రశ్నే రాదు. దాంతోపాటు భయం కూడా పలచబడింది. నత్త కుర్రాడు నెమ్మదిగా, వాన పడిన రోజునే స్కూలుకు వస్తూ, వీపు మీద ఏదో ఉబ్బుతూ మారాలి. ఆ నెమ్మదికి చోటు దొరకలేదు.

చదివే పద్ధతి గురించి కొన్ని మాటలు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు అధ్యాయాలు చదవండి. తుఫాను దాకా అలాగే వెళ్ళండి. ఆ తర్వాతవి మాత్రం ఒకే ఊపున చదివేయండి, అవి అలా చదవడానికే ఉన్నాయి. ఫోన్‌లో చదువుతున్నారేమో, రెండు పేజీల మీద పరిచిన పెద్ద బొమ్మలు అందులో ముక్కలైపోతాయి. ట్యాబ్ అడ్డంగా పట్టుకుని చదవండి, లేదా విజ్ మీడియా 2013లో ఇంగ్లీషులో మూడు సంపుటాలూ కలిపి వేసిన గట్టి అట్ట పుస్తకం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. అది కూడా జపాన్ పుస్తకాల్లాగే కుడి నుంచి ఎడమకే ఉంటుంది. చివర్లో "గెలాక్సీలు" అని ఒక అదనపు అధ్యాయం ఉంటుంది. అది విడి కథ. ముగింపు చదివిన వెంటనే దాన్ని చదవొద్దు, ముగింపు బరువు తగ్గిపోతుంది. కొన్నాళ్ళు ఆగి చదవండి.

"ఇల్లు" అనే అధ్యాయం దాకా వెళ్ళి చూడండి. అది తుఫాను తర్వాతిది, అంటే మీరున్న చోటు నుంచి నాలుగో అధ్యాయం. అక్కడికీ మీకు పట్టు దొరకకపోతే నిస్సంకోచంగా ఆపేసి తోమియే మొదలుపెట్టండి. ఆ అమ్మాయి తిరిగి రావడమే కథ కాబట్టి, మీకు ఇక్కడ ఎదురైన ఇబ్బంది అక్కడ దాదాపు ఉండదు.